అభిమాని రాసిన ప్రేమకథకు పాఠకుడి జవాబు ఏమిటి?

మన కళాశాలలో రచయితలు ఎందరున్నారని ఎవరైనా అడిగితే ఈ సావనీరు విషయసూచిక తీసి, పేర్లు లెక్కపెట్టి చెప్తాం. కాని ఆ లెక్క సరైనది కాదు. ఈ విషయసూచికలోకి ఎన్నడూ ఎక్కని రచయితలు మన హాస్టల్ గదుల్లో, ఆర్టీసీ బస్సు సీట్లలో, తరగతిలో చివరి బెంచీల మీద ఇంకెందరో ఉన్నారు. వాళ్ళు రాసేవి ప్రేమకథలు. అందులో నాయికానాయకులు వాళ్ళు పుట్టించినవాళ్ళు కారు. సినిమాలో చూసినవాళ్ళు, నవలలో చదివినవాళ్ళు, టీవీ సీరియల్లో రోజూ కలిసేవాళ్ళు. సినిమాలో డైరెక్టరు విడదీసిన జంటను వీళ్ళు నోట్‌బుక్కులో కలుపుతారు. సీరియల్లో ఏడ్చి ఏడ్చి అలసిపోయిన కోడలికి తన మనసెరిగిన మొగుణ్ణి ఇస్తారు. నవల ముగిసిన చోట వీళ్ళ కథ మొదలవుతుంది.

ఒకప్పుడు ఇవి రెండు వందల పేజీల లాంగ్ నోట్‌బుక్కులో వెనుకవైపు నుంచి రాసుకునేవారు. ముందువైపు ఎకనామిక్స్ నోట్సు, వెనుకవైపు ప్రేమకథ! ఇప్పుడు చాలామంది ఫోనులోనే రాస్తున్నారు. సాధనం మారినా తీరు మారలేదు. రాసింది మొదట పక్కమంచం మీది స్నేహితురాలు చదువుతుంది, ఆమె నుంచి పక్కగదికి, పక్కగది నుంచి పై అంతస్తుకు పోతుంది. అట్లా పోయిన కథకు తిరిగి వచ్చే జవాబు ఏమిటన్నదే ఈ వ్యాసం విషయం. రాయడం తప్పా ఒప్పా అన్నది నా దృష్టిలో పెద్ద ప్రశ్న కాదు. చదివినవాళ్ళం మనమేం చెప్తున్నాం, ఎట్లా చెప్తున్నాం అన్నదే పెద్ద ప్రశ్న. ఎందుకంటే మన జవాబుతోనే కొందరు రచయితలవుతున్నారు, మన జవాబుతోనే ఎక్కువమంది కలం మూసేస్తున్నారు.

ముందుగా ఒక అపోహ తీసేసుకుందాం. ఇంకొకరి పాత్రలను తీసుకొని ప్రేమకథ అల్లడం చవకబారు పని అని మనలో చాలామంది నమ్మకం. లెక్చరర్లలో కొందరు “సొంత బుర్ర లేదా?” అంటారు. అయ్యా, మన పాలమూరు గడ్డ మీద నిలబడి ఈ మాట అనడానికి వీల్లేదు!

గద్వాల సంస్థానానికి విద్వద్గద్వాల అని పేరు. ఆ సంస్థానంలో కాణాదం పెద్దన సోమయాజి ముకుందవిలాసం రాశాడు. కృష్ణుడు భద్రను పెండ్లాడిన కథ అది. భాగవతంలో ఆ పెండ్లి ముచ్చట నాలుగు మాటల్లో అయిపోతుంది. ఎనిమిదిమంది భార్యల్లో రుక్మిణికి, సత్యభామకు దక్కిన చోటు భద్రకు దక్కలేదు. కవికి అది చాల్లేదు. ఆమె ఎట్లా ప్రేమించింది, ఎట్లా ఎదురుచూసింది అని ప్రబంధమంతా అల్లుకున్నాడు. ఇప్పుడు మన హాస్టల్ అమ్మాయి సినిమాలో రెండు సీన్లే ఉన్న చెల్లెలి పాత్రను తీసుకొని ఆమెకొక ప్రేమకథ రాస్తే అది చేసిన పనీ అదే కదా? పద్యం ఉందా లేదా, పాండిత్యం ఎంత అన్నది వేరు సంగతి. ఆ కోరిక మాత్రం ఒక్కటే.

నాగర్‌కర్నూల్ వైపు రండి. బిజినేపల్లి మండలంలోని నంది వడ్డెమాన్ ఒకప్పటి వర్ధమానపురం. కాకతీయుల కాలంలో గోన వంశం ఏలిన చోటు. ఆ వంశానికి చెందిన గోన బుద్ధారెడ్డి పేర ఉన్న రంగనాథ రామాయణంలో వాల్మీకి చెప్పని సంగతులు ఎన్నో ఉన్నాయి. ఊర్మిళ నిద్ర అందులో ఒకటి. పద్నాలుగేండ్లు లక్ష్మణుడి నిద్రను కూడా తానే మోసిన భార్య ఆమె. మూలంలో ఆమెను పట్టించుకున్నవాళ్ళు లేరు. తర్వాత మన ఆడవాళ్ళు ఆ ఊర్మిళను పాటల్లోకి తీసుకున్నారు. భర్త తిరిగి వచ్చి లేపినప్పుడు ఆమె ఏమన్నది, ఎవరో పరాయివాడనుకొని ఎట్లా భయపడ్డది, ఎట్లా గుర్తుపట్టింది అని దంచేటప్పుడూ విసిరేటప్పుడూ పాడుకున్నారు. రామాయణం మీది అభిమానంతో, రామాయణం వదిలేసిన ప్రేమను వాళ్ళు పూరించారు.

అదే గోన వంశంలోని గన్నారెడ్డిని తీసుకొని భీమవరం ప్రాంతం నుంచి వచ్చిన అడివి బాపిరాజు 1940లలో నవల రాశారు. అన్నాంబికతో ప్రేమను అల్లి, శాసనాల్లో పేరుగా మిగిలిన మన సామంతుణ్ణి తెలుగుదేశానికంతటికీ నాయకుణ్ణి చేశారు. 2015లో వచ్చిన రుద్రమదేవి సినిమాలో మళ్ళీ అదే గన్నారెడ్డి అల్లు అర్జున్ రూపంలో కనబడ్డాడు. ఇటు కొల్లాపురం వైపు జటప్రోలు ప్రభువు సురభి మాధవరాయలు చంద్రికా పరిణయం రాశాడు. నల్లమలలో మన చెంచులు నరసింహస్వామికి తమ ఇంటి ఆడపిల్లనే ఇచ్చి అల్లుణ్ణి చేసుకున్నారు. ఆ చెంచులక్ష్మి కథ యక్షగానమై, 1958లో అక్కినేని నాగేశ్వరరావు, అంజలీదేవి నటించిన సినిమా కూడా అయింది. 1957 నాటి మాయాబజార్ సంగతి చెప్పనే అక్కర్లేదు. వ్యాసభారతంలో శశిరేఖ లేనే లేదు! లేని పిల్లను పుట్టించి, అభిమన్యుడితో ప్రేమ పెట్టి, పెండ్లి చేసి, ఆ పెండ్లి వంటకాలను ఘటోత్కచుడితో తినిపించింది మన జనమే.

కాబట్టి, ఇంకొకరి పాత్రలకు ప్రేమకథ రాయడం మన సంప్రదాయంలోనే ఉంది. అవధానంలో సమస్యాపూరణం అంటే ఏమిటి? ఇంకొకరు ఇచ్చిన పాదాన్ని తీసుకొని మిగిలిన మూడు పాదాలు తానల్లడమే. తిరుపతి వేంకటకవులు గద్వాల, వనపర్తి, ఆత్మకూరు సంస్థానాల గడప తొక్కినవాళ్ళే. వాళ్ళను సొంత బుర్ర లేదని ఎవరైనా అన్నారా?

ఇక అసలు విషయానికి వస్తాను. ఈ కథలకు మనమిచ్చే జవాబులు ఇప్పుడు మూడు రకాలుగా ఉన్నాయి.

మొదటి రకం పొగడ్త. “సూపర్ అక్కా, తర్వాతి భాగం ఎప్పుడు?” అనడం. ఇది తీపి మాట, కాని కడుపు నిండదు. ఏది బాగుందో చెప్పదు. పదో భాగానికి కథ నడక తప్పినా ఇదే మాట, ఇరవయ్యో భాగానికి నాయిక ముందు చెప్పిన మాటే మళ్ళీ చెప్పినా ఇదే మాట. రాసే పిల్లకు తాను ఎదుగుతున్నదో లేదో తెలియదు. చివరకు ఆమె కథ కోసం రాయడం మానేసి, ఆ ‘సూపర్’ అన్న మాట కోసం రాస్తుంది. వారపత్రికల రోజుల్లో సీరియల్ నవలలు పాఠకుల ఉత్తరాలకు లొంగి సాగిసాగి, నీళ్ళు కలిపిన పాలైన సంగతి మన అమ్మలు, చిన్నమ్మలు ఇప్పటికీ చెప్తారు.

రెండో రకం సుత్తిదెబ్బ. “ఇదీ ఒక రాతేనా? చెత్త. చదువుకోక ఇదేం పని?” ఇట్లా అన్నవాడు తనను విమర్శకుడనుకుంటాడు. నిజానికి అతడు కథలో ఒక్క వాక్యం కూడా వేలుపెట్టి చూపలేదు. వైద్యుడు రోగం పేరు చెప్పకుండా “నువ్వు చస్తావు” అని వెళ్ళిపోయినట్టు!

మూడో రకం అన్నిటికంటె ప్రమాదకరం. అది కథను చదవదు, రాసినదాన్ని చదువుతుంది. “ఇది నీ సొంత కతేనా ఏందే? ఆ పిలగాడు ఎవరే?” అని ఒకరు. “మీ నాయిన చూస్తే ఏమంటడు?” అని ఇంకొకరు. “ఇసొంటివి రాసే పిల్ల ఎసొంటిదో” అని మరొకరు. ఇవి మన గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ హాస్టళ్ళలో కొత్తగా వినబడే మాటలు కావు. మగపిల్లవాడు ప్రేమకథ రాస్తే వాడికి ఊహాశక్తి ఉందంటాం. ఆడపిల్ల రాస్తే ఆమెకు అనుభవం ఉందంటాం. ఈ ఒక్క వాక్యంలోనే మన పాఠకుల జబ్బంతా ఉంది.

ఈ జబ్బుకు తెలుగులో పెద్ద చరిత్రే ఉంది. పద్దెనిమిదో శతాబ్దంలో తంజావూరు ఆస్థానంలో ముద్దుపళని రాధికా సాంత్వనం రాసింది. కృష్ణుడి కథనే తీసుకొని రాధ వైపు నుంచి చెప్పింది. తానే పెంచిన ఇళను కృష్ణుడికిచ్చి పెండ్లి చేసిన రాధ, తర్వాత పడే అసూయ, బాధ, కోపం, చివరకు కృష్ణుడు వచ్చి బుజ్జగించడం, ఇదీ కథ. నూరేండ్లు దాటిన తర్వాత కందుకూరి వీరేశలింగం పంతులుగారు కవుల చరిత్రలో ఆమె ప్రస్తావన తెచ్చి, ఆమె కవిత్వపు పస ఒప్పుకుంటూనే, వేశ్య కావడాన్నీ, స్త్రీలు వినరాని శృంగారం రాయడాన్నీ తప్పుపట్టారు. పంతులుగారంతటి సంస్కర్త కూడా కావ్యంతోపాటు కవయిత్రి బతుకును చదివారు! అప్పుడు బెంగుళూరు నాగరత్నమ్మగారు అసలు ప్రతి సంపాదించి, 1910లో వావిళ్ళవారి ద్వారా పూర్తి పాఠం అచ్చువేయించారు. మగకవులు ఇంతకంటె ఎక్కువ శృంగారం రాస్తే చెల్లినప్పుడు ఆడది రాస్తే ఎందుకు చెల్లదని పీఠికలో నిలదీశారు. ఫలితం ఏమైంది? మరుసటి సంవత్సరమే అభ్యంతరాలు లేచి ప్రభుత్వం ఆ పుస్తకాన్ని నిషేధించింది. ఆ నిషేధం టంగుటూరి ప్రకాశం పంతులుగారు మద్రాసు ముఖ్యమంత్రిగా ఉన్నప్పుడు, 1947లో గాని తొలగలేదు. ఒక ప్రేమకావ్యం మీద పాఠకుల జవాబు మూడున్నర దశాబ్దాలు పుస్తకాన్ని తాళం వేసి పెట్టించింది!

మన గడ్డ మీదనే ఇంకొక సంగతి చూడండి. గోన బుద్ధారెడ్డి కూతురు కుప్పాంబిక. భూత్పూరు దగ్గర ఆమె వేయించిన 13వ శతాబ్దపు శాసనం ఉంది. తెలుగులో తొలి కవయిత్రి ఈమేనని చాలామంది పండితులు చెప్తారు. ఆమె పేర మనదాకా వచ్చిన పద్యం ఏ వ్రతకథో ఏ నీతిబోధో కాదు. ప్రేమలో పడిన ఆడదాని ఇరకాటం. మనసు ఆగదు, నోరు విప్పి చెప్పలేదు. ఏడువందల యాభై ఏండ్ల కింద పాలమూరు ఆడకూతురు ఆ మాట రాయగలిగింది. ఈనాడు ఆమె ఊరి పక్క హాస్టల్లో ఉన్న ఆడపిల్ల అదే ఇరకాటాన్ని కథగా రాసి దిండు కింద దాచుకుంటున్నది. మనం సిగ్గుపడవలసింది ఆమె రాసినందుకా, ఆమె దాచుకోవలసి వచ్చినందుకా?

“ఇంత చిన్న విషయానికి ఇంత గొడవెందుకు?” అనేవారికి ఒక మనవి. మన మూడు జిల్లాల నుంచి కాలేజీకి వచ్చే పిల్లల్లో చాలామంది తమ ఇంట్లో మొదటిసారి డిగ్రీ మెట్టు ఎక్కినవాళ్ళు. తల్లిదండ్రులు బొంబాయికో పూనాకో వలసపోతే అవ్వ దగ్గర పెరిగి చదివినవాళ్ళున్నారు. వాళ్ళు పరీక్షపత్రం కాకుండా, రికార్డు కాకుండా, తమకు తాముగా కూర్చొని రాసిన మొట్టమొదటి పది పేజీలు చాలాసార్లు ఈ ప్రేమకథే. కథకు మొదలూ చివరా ఉండాలని, మాటకు మాట తగలాలని, ఒక మనిషి ఎందుకు కోపగించుకున్నదో చెప్పాలని వాళ్ళు నేర్చుకునే బడి అదే. పాత్రలు ముందే తయారుగా ఉన్నాయి గనుక కొత్తగా రాసేవాళ్ళకు సగం బరువు తగ్గుతుంది. ఈత నేర్చుకునేవాడు బెండు కట్టుకోడా? మనం ఆ బెండును చూసి నవ్వుతున్నాం. నవ్వుకు భయపడి వాడు బావి గట్టు దిగడం లేదు. ఒక మాటతో ఆగిపోయిన పిల్ల ప్రేమకథ ఒక్కటే మానేయదు, రాయడమే మానేస్తుంది. రేపు తన ఊరి చెరువు గురించి, తన తండ్రి వలస గురించి రాయవలసిన చెయ్యి కూడా దానితోపాటే ఆగిపోతుంది.

“దెబ్బ తగిలితేనే గట్టివాడు తేలుతాడు” అని వాదించే మిత్రులున్నారు. వాళ్ళు సురవరం ప్రతాపరెడ్డిగారిని సాక్ష్యానికి పిలుస్తారు. మన ఇటిక్యాలపాడు మనిషి, 1952లో వనపర్తి నుంచి శాసనసభకు ఎన్నికైన మనిషి. తెలంగాణలో కవులే లేరన్న ఒక మాట విని, 1934లో 354 మంది కవులతో గోలకొండ కవుల సంచిక వేసి జవాబు చెప్పారు. నిజమే, దెబ్బకు ఇంత గొప్ప జవాబు మరొకటి లేదు. కాని ఒక్క సంగతి మరువరాదు. ఆనాటికి ప్రతాపరెడ్డిగారు ముప్పై ఎనిమిదేండ్ల మనిషి, లా చదివినవాడు, చేతిలో గోలకొండ పత్రిక ఉన్న సంపాదకుడు. మన హాస్టల్ పిల్ల చేతిలో ఏముంది? రెండు వందల పేజీల నోట్‌బుక్కు, అదీ వెనుకవైపు. ఇంకొకటి కూడా ఉంది. ఆ సంచికలో చేరిన కవుల్లో చాలామంది అప్పటిదాకా ఎవరూ అడగక, ఎవరూ చదవక మరుగున ఉన్నవాళ్ళే. ప్రతాపరెడ్డిగారు వాళ్ళను దెబ్బకొట్టి బయటికి తేలేదు. మీ పద్యాలు పంపండి అని అడిగి తెచ్చారు. ఆ కథలో మనం నేర్చుకోవలసింది అడగడం.

ఐతే అంతా మెత్తమెత్తగా చెప్పాలని నేననడం లేదు. కొన్ని సంగతులు గట్టిగానే చెప్పాలి. మొదటిది, ప్రేమ పేరుతో వస్తున్న వేధింపు. ఈ కథల్లో నాయకుడు నాయిక వెంటపడతాడు, బస్టాండులో చెయ్యి పట్టుకుంటాడు, కాదంటే చెంపమీద కొడతాడు. పదో పేజీకి ఆమె “నా మీద ఎంత ప్రేమ!” అని కరిగిపోతుంది. ఇది ఈ పిల్లలు పుట్టించింది కాదు. సినిమాలు, నవలలు దశాబ్దాలుగా నేర్పింది. యద్దనపూడి సులోచనారాణిగారి సెక్రటరీ 1976లో సినిమా అయ్యేనాటికే అందులోని రాజశేఖరం వంటి పొడుగాటి, కోపిష్టి, కారున్న నాయకుడు ఇంటింటి కలగా మారాడు. ఆ నవలానాయికలకైనా ఆత్మాభిమానం ఉండేది, ఎదురు మాట్లాడేవారు. తర్వాత వచ్చిన నకళ్ళలో నాయకుడి కోపం మిగిలింది, నాయిక ఆత్మాభిమానం జారిపోయింది. చదివిన స్నేహితురాలు ఇక్కడ నోరు మూసుకోరాదు. “వీడు నిన్ననే ఆమెను కొట్టిండు గదనే, ఇయ్యాల ఈమె ఎట్ల నవ్వింది? నాకైతే నమ్మబుద్ధి కాలే” అని చెప్పాలి. అది నీతిబోధ కాదు, మంచి పాఠకురాలి ప్రశ్న. ఆ ఒక్క ప్రశ్నతో కథా బాగుపడుతుంది, రాసిన పిల్ల ఆలోచనా మారుతుంది. రేపు నిజంగా ఒకడు వెంటపడితే అది ప్రేమో కాదో తేల్చుకునే బుద్ధి కూడా అక్కడే పుడుతుంది.

రెండవది, పాత్ర వేరు, మనిషి వేరు. సినిమాలోని పాత్రకు ప్రేమకథ రాయవచ్చు. ఆ పాత్ర వేసిన నటికో నటుడికో వాళ్ళ అసలు పేరుతో ప్రేమాయణం అంటగట్టడం, తోటి విద్యార్థిని పేరు మార్చకుండా కథలోకి లాగడం మాత్రం తప్పు. బతికున్న మనిషికి ఇల్లుంటుంది, పరువుంటుంది. ఈ గీత దాటినప్పుడు చదివినవాళ్ళు మొహమాటం లేకుండా ఆపాలి.

మూడవది మన భాష. గద్వాలలో పుట్టి, జూరాల నీళ్ళు తాగిన పిల్ల రాసిన కథలో నాయిక “నువ్వంటే నాకు చాలా ఇష్టమండీ” అని సినిమా డబ్బింగ్ గొంతుతో మాట్లాడుతుంది. నాయకుడు ఊటీలో మంచులో నడుస్తాడు. రాసిన పిల్ల ఊటీ చూడలేదు! బీచుపల్లి వంతెన మీద నిలబడి కృష్ణను చూసింది. అలంపురంలో తుంగభద్ర ఒడ్డున కూర్చున్నది. సోమశిల దగ్గర పడవ ఎక్కింది. అవి కథలోకి రావు. ఎందుకు రావంటే, ఒకసారి తన మాటల్లో రాసినప్పుడు ఎవరో పకపక నవ్వారు. “లవ్‌స్టోరీల మన బాస ఏందే, కామెడీ ఐతది” అన్నారు. ఇదీ పాఠకుల జవాబే! ఇది వందమంది నాయికల నోరు మార్చేసింది. రుద్రమదేవి సినిమాలో గోన గన్నారెడ్డి తెలంగాణ యాసలో మాట్లాడితే జనం మెచ్చుకున్నారు కదా. వీరుడి నోట మెచ్చిన యాస ప్రేమికురాలి నోట ఎందుకు నవ్వు తెప్పించాలి? “నీ నాయిక ఐజ పిల్ల గదా, ఐజల ఎట్ల మాట్లాడ్తరో అట్లనే రాయి” అని ఒక్కరు చెప్పినా చాలు. ఆ పిల్ల తన గొంతు తాను వెతుక్కుంటుంది.

మరి మంచి జవాబు ఎట్లుండాలి? నేను పండితుణ్ణి కాను గాని నాకు తోచింది చెప్తాను. మొదట, కథ పూర్తిగా చదవాలి. ఎక్కడ ఆపకుండా చదివామో, ఎక్కడ మనసు పక్కకు పోయిందో ఆ పేజీ చెప్పాలి. “బాగుంది” అన్న మాటకంటె “బస్సు తప్పిపోయిన చోట నాకు ఏడుపొచ్చింది” అన్న మాట వెయ్యిరెట్లు మేలు. తప్పు కనబడితే ప్రశ్నగా అడగాలి. మూలకథలో ఆ పాత్ర స్వభావం ఒకటిగా ఉంటే ఇక్కడ ఎందుకు మారిందో అడగాలి. మార్చడం రచయిత హక్కు, మార్పుకు కారణం అడగడం పాఠకుడి హక్కు. తప్పు ముందుగా రాసినవాళ్ళకే చెప్పాలి, భోజనాల హాలులో పదిమంది మధ్య కాదు. పేరు పెట్టి చెప్పాలి. పేరు లేకుండా రాతిని విసరడం విమర్శ కాదు. అన్నిటికంటె ముఖ్యంగా, “ఇది నీ కతేనా?” అన్న ప్రశ్న ఎన్నడూ అడగరాదు.

అవధాన సభల్లో నిషిద్ధాక్షరి అని ఒక అంశం ఉంటుంది. కవి అక్షరం వేయబోతుంటే పృచ్ఛకుడు ఫలానా అక్షరం వాడరాదు అంటాడు. కవి ఇంకో దారి వెతుక్కుంటాడు. పృచ్ఛకుడు ఎంత కష్టపెట్టినా అతని కష్టమంతా పద్యం లోపలే. అతడు అక్షరాన్ని నిషేధిస్తాడు గాని కవిని నిషేధించడు. పద్యం పూర్తయినాక సభతోపాటు అతడూ చప్పట్లు కొడతాడు. సంస్థానాల కాలం నుంచి ఈ మర్యాద తెలిసిన ప్రాంతం మనది. హాస్టల్ గదిలో మాత్రం మరిచిపోయాం.

రాసేవాళ్ళకు కూడా రెండు మాటలు. పొగడని ప్రతివాడూ శత్రువు కాడు. “నీ నాయకుడు నాకు నచ్చలేదు” అంటే “నువ్వు నాకు నచ్చలేదు” అని అర్థం కాదు. చెప్పినవన్నీ మార్చుకోనక్కర్లేదు. ఇద్దరు ముగ్గురు వేర్వేరుగా ఒకే చోట ఆగిపోయారంటే మాత్రం ఆ చోట గుంత ఉన్నట్టే, పూడ్చుకోవాలి. ఎవరి కథ మీద మీ కథ నిలిపారో ఆ మొదటి రచయిత పేరు, పుస్తకం పేరు మొదటి పేజీలోనే రాయండి. అప్పు తీసుకున్నది ఒప్పుకుంటే గౌరవం తగ్గదు. ఆంధ్ర మహాభారతం రాసిన ముగ్గురు కవులూ వ్యాసుడి పేరు దాచలేదు. ఒకటి రెండు కథలు అయ్యాక బెండు విప్పి మీ సొంత మనుషులను నీళ్ళలోకి దించండి.

చివరగా మన విద్యార్థి సంఘానికి ఒక విన్నపం. సంఘం నాయకులు క్యాంటీన్ గురించి, బస్‌పాసుల గురించి హామీలిస్తారు. మంచిదే. వాటితోపాటు గ్రంథాలయం పక్కన ఒక గోడపత్రిక పెట్టండి. వారానికొక కథ, కలంపేరుతో సరే, అక్కడ అంటించండి. దాని కింద ఒక తెల్లకాగితం ఉంచండి. చదివినవాళ్ళు తమ అసలు పేరుతో నాలుగు వాక్యాలు రాయాలన్నది ఒక్కటే నియమం. రాసినవాళ్ళకు కలంపేరు వెసులుబాటు ఎందుకు, వ్యాఖ్యానించేవాళ్ళకు ఎందుకు లేదు అని అడుగుతారేమో. రాసినవాళ్ళు మనసు విప్పి పెడుతున్నారు, వాళ్ళకు తెర అవసరం. తీర్పు చెప్పేవాళ్ళకు తెర దేనికి? తెలుగు లెక్చరర్లు నెలకొకసారి ఆ కాగితాలు చూసి, మంచి కథకు కాదు, మంచి వ్యాఖ్యకు ఒక పుస్తకం బహుమతిగా ఇవ్వండి. మనకు రాసేవాళ్ళ కొరత లేదు, చదివి చెప్పేవాళ్ళ కొరత ఉంది. వచ్చే సంవత్సరం సావనీరులో కథల పక్కన ఆ వ్యాఖ్యలకు కూడా రెండు పేజీలు కేటాయిస్తే, ఇప్పుడు దిండ్ల కింద ఉన్న నోట్‌బుక్కుల్లో కొన్నైనా విషయసూచికలోకి ఎక్కుతాయి.